అందరూ చుట్టు తిరిగి పోయే చోటు

అమీర్‌పేటలో పూడిపోయి, పైన ఆనవాలు కూడా మిగలని ఒక పాత బావిని ఒంటిచేత్తో కనిపెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, ఏ గోడకీ ఫలకం కొట్టలేదు. ఎవరో ఒకరు చెప్పుకోకపోతే పోతుందని నేనే చెప్పుకుంటూ ఉంటాను. మొన్న కూడా అంతే. ఎర్రమంజిల్ వెళ్దామని అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. ఒళ్ళో మా ఆవిడ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా, పక్క సీట్లో మెడలో కంపెనీ బిళ్ళ వేలాడేసుకున్న కుర్రాడు. రైలు కదిలిన కాసేపటికి కిటికీలోంచి, రెండు ఎత్తయిన మేడల నడుమ, పన్ను ఊడిన చోటులా ఒక ఖాళీ కనబడుతుంది. రెప్ప వేస్తే దాటిపోతుంది. నేను వేయను. "ఆ ఖాళీ చూశావా బాబూ, అది నా పుణ్యమే" అన్నాను. కుర్రాడు మర్యాదస్తుడు. రెండు చెవుల్లోంచీ కాదుగానీ ఒక చెవిలోంచి తీగ తీశాడు. ఒక చెవి చాలు నాకు.

అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య పెద్ద కథ చెప్పేంత దూరం లేదు. అందుకని నీళ్ళు కలపకుండా చిక్కగా చెప్పాల్సి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ నాటి బావి అన్నాను. నవాబుల ఏనుగులు బారులు తీరి నీళ్ళు తాగేవన్నాను. నేను నెలల తరబడి దిక్సూచి పట్టుకుని ఆ వాడంతా కొలిచి, మనుషుల నడక తీరు గమనించి, ఫలానా చోట అని గీత గీసి, గునపంతో నేనే తవ్వానన్నాను. కుర్రాడు ఫోను తీసి అటూ ఇటూ జరిపి చూసి, "మ్యాపులో ఏం లేదంకుల్" అన్నాడు. మ్యాపు నిన్న గాక మొన్న గీసింది నాయనా, బావి ఎప్పటిది, అనేలోపు పంజాగుట్ట వచ్చింది, దిగిపోయాడు. దిగుతూ తీగ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. ఆ ఖాళీ సీటు పక్కన కూర్చున్నాక, దిగిపోయినవాడికి ఎలాగూ చెప్పలేను, మిగిలినవాళ్ళకైనా ఉన్నదున్నట్టు చెబుదామనిపించింది.

ఏనుగులు లేవు. గేదెలూ ఎద్దులూ ఉండేవట. నాలుగు వందల ఏళ్ళన్నది నోటికి వచ్చిన లెక్క. దిక్సూచి నా దగ్గర ఏనాడూ లేదు. అసలు దిక్కు తోచకే కదా ఈ ఊరొచ్చాను. గునపం సంగతి తర్వాత చెబుతాను. నడక తీరు గమనించానన్నది మాత్రం నిజం. దాన్ని అలాగే ఉంచండి.

సాఫ్ట్‌వేర్ అనే మాట జనం నోట పడిన కొత్తల్లో, తణుకు వైపు నడవని బట్టల కొట్టొకటి మూసేసి, మా ఆవిడ చేతివంట మీద భారం వేసి అమీర్‌పేటలో మెస్సు పెట్టాను. అప్పటి అమీర్‌పేట చూడవలసిందే. కోర్సుల పోస్టర్ల మీద పోస్టర్లు అంటించి అంటించి గోడ అసలు రంగేమిటో దాని సొంతదారుక్కూడా గుర్తుండేది కాదు. బస్సు దిగి రోడ్డు దాటేసరికి గుప్పెడు కరపత్రాలు చేతిలో పడేవి. ఇటు గోదావరి నుంచీ అటు కరీంనగర్ నుంచీ పిల్లలు ఒక సంచీ, ఒక సర్టిఫికెట్ల ఫైలూ పట్టుకుని దిగేవారు. పొద్దున జావా, మధ్యాహ్నం మా పప్పూ సాంబారూ, సాయంత్రం మళ్ళీ ఏదో క్లాసు. జిరాక్సు మిషన్ల వేడి వాసనా మా పోపు వాసనా కలిసి ఆ సందుకి ఒక సొంత వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా జిరాక్సు తీస్తుంటే నాకు ఆకలేస్తుంది.

మెస్సు ఉన్న ఇల్లు ఒక పెద్దావిడది. ఉర్దూ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. వాడంతా ఆపా అనేది, అంటే అక్క, నేనూ అదే అన్నాను. ఆవిడ నన్ను మెస్ సాబ్ అనేవారు. ఆ 'సాబ్' గౌరవమో వేళాకోళమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. మా గోంగూర రుచి చూసి పులుపు తక్కువైందని చెప్పిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కరే. మా ఆవిడ ఆ రోజంతా మాట్లాడలేదు, మర్నాటి నుంచి పులుపు పెంచింది.

ఇంటి ముందు విశాలమైన వాకిలి ఉండేది. దానికి ప్రహరీ లేదు. వాడలో జనమంతా దాని మీదుగానే మెయిన్ రోడ్డుకి పోయేవారు. చదునైన నేల, గుంతా మిట్టా లేదు. అయినా వాకిలి నడుమకి వచ్చేసరికి ప్రతి మనిషీ పక్కకి ఒరిగి, ఏదో ఉన్నట్టు చిన్న వంపు తిరిగి, మళ్ళీ దారిలో పడేవాడు. పాలవాడి సైకిలు అంతే. ఆటోలు అంతే. పొద్దున్నే మా మెస్సుకి నీళ్ళు తెచ్చే ట్యాంకరు, ఏనుగంత బండి (ఏనుగు మాట నా నోట్లోకి అక్కణ్ణించే వచ్చిందనుకుంటాను), అదీ ఒయ్యారంగా వంపు తిరిగే వచ్చేది. ఒకరోజు ఒక ఆటో అతన్ని ఎందుకిలా అనడిగాను. "అందరు గట్లనే పోతరు సార్, నేను సుత పోతున్న" అన్నాడు.

మా మెస్సు పిల్లలూ కొన్నాళ్ళకి వంపు తిరగడం నేర్చారు. వాళ్ళకి కారణాలు నేను సరఫరా చేసేవాణ్ణి. ఒక బ్యాచికి కింద నిధి ఉందన్నాను. ఒక బ్యాచికి పాము ఉందన్నాను. ఇంటర్వ్యూకి వెళ్ళేవాడు ఆ చోటు తొక్కితే పని కాదని ఎవరికో చెప్పినట్టు గుర్తు. ఆ మాట మాత్రం హాస్టళ్ళన్నిటికీ పాకింది. టై కట్టుకున్న పిల్లలు ఆ చోటుకి వచ్చేసరికి మరీ దూరం జరిగి, దాదాపు గోడ రాసుకుంటూ పోయేవారు. కారణాలన్నీ నేనే పుట్టించాను కనుక నాకు వాటి మీద నమ్మకం లేదు. అందుకని నేనొక్కణ్ణీ అడ్డంగా నడిచేవాణ్ణి. ఆపాని అడగాలని తోచలేదా అంటారేమో. తోచింది. అడిగితే నా కథలకి నష్టమని ఊరుకున్నాను.

ఆ వాకిలి ఆపా తమ్ముడి వాటా. ఇల్లు ఆవిడది, వాకిలి ఆయనది అని తండ్రి పోయాక పంచుకున్నారు. ఆ భాయ్‌కి సనత్‌నగర్‌లో చిన్న లేతు వర్క్‌షాపు ఉండేది. నెమ్మదైన మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి నూనె. ఆయన వాకిలిని ఒక బిల్డరు గారికి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కోచింగు సెంటర్ల కోసమే ఒక కాంప్లెక్సు, కింద సెల్లారు, పైన అంతస్తులు. బిల్డరు గారు మా వైపువాడే, మా ఊరికి రెండూళ్ళ అవతల. వరసలు కలుపుకుని నన్ను బాబాయ్ గారూ అన్నాడు, నేను రోడ్డు వైపు ముఖం ఉన్న గది మెస్సుకి అడిగాను, సరేనన్నాడు. కాబట్టి ఇందులో నేను ఎవరి పక్షమో దాచడానికేమీ లేదు.

ముగ్గురూ ఆపా వరండాలో కూర్చున్న రోజున టీ నేనే పట్టుకెళ్ళాను. మెస్సులో పనివాళ్ళు లేక కాదు, మాటలు వినబడతాయని. అప్పుడే మొదటిసారి ఆ బావి మాట విన్నాను. ఆపా గొంతు పెంచలేదు. బడిలో పాఠం చెప్పిన గొంతు, పెంచనక్కర్లేదు.

"ఆడ బావి ఉన్నది. దానికి తాళం ఎయ్యనని, మీద కప్పు లేపనని మా అబ్బా మాట ఇచ్చిండు. దాని మీద పిల్లర్ దిగొద్దు. మిగతా జాగల ఏమన్న కట్టుకోన్రి."

వాళ్ళ అబ్బా, అంటే నాన్న, ఎవరికిచ్చిన మాట అంటే, బండ్లవాళ్ళకి. ఇప్పుడు మెట్రో స్తంభాలున్న దారి ఆవిడ చిన్నతనంలో దుమ్ము లేచే బండ్లబాట అట. ఊళ్ళ నుంచి జొన్నలూ కట్టెలూ వేసుకుని పట్నం పోయే బండ్లు ఇక్కడ ఆగేవి. ఎద్దులకి నీళ్ళు, మనుషులకి నీళ్ళు, తర్వాతే పట్నం. ఆ ఇంటి పద్ధతి ఒకటుంది: బయటివాళ్ళు తోడుకున్నాకే ఇంటివాళ్ళు తోడుకోవాలి. ఎండాకాలం ఆఖరి ఎద్దు మూతి ఎత్తేదాకా ఆపా ఖాళీ బిందెతో గడప మీద కూర్చుని ఉండేదట. బడికి ఆలస్యమై దెబ్బలు కూడా తిన్నదట. "మా ఇంట్ల దూప అందరి ఎనుక" అన్నారు, దూప అంటే దాహం. తండ్రి పోయి, వీధిలోకి కుళాయిలు వచ్చాక ఎవరిదో మేక అందులో పడింది. దాంతో బాబాయి ఒకాయన సగం రాళ్ళతో పూడ్పించి, మీద షాబాదు బండలు పరిపించి మట్టి కప్పించాడు. అప్పటికి తమ్ముడికి నడక రాలేదు.

భాయ్ అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు. "బావి ఉంటె ఉండొచ్చు ఆపా. గని మన వాకిట్ల ఉన్నది మనదే గద. మనది మనం ఇచ్చుకుంటె ఎవరేమంటరు?"

"అది మనది కాదు."

"ఎట్ల చెప్తవు?"

ఆపా దగ్గర అబ్బా చెప్పిండు అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. దారిన పోయేవాళ్ళ వైపు చెయ్యి చూపించి, ఎందుకు చుట్టు తిరిగి పోతున్నరో వాళ్ళని అడుగు అన్నారు. ఆ వేళకి పోతున్నది మా మెస్సు పిల్లలు. వాళ్ళని అడిగితే పాము అని చెబుతారు. నేను గ్లాసులు తీసుకునే మిషతో వంగిపోయాను. బిల్డరు గారు మెత్తగానే చెప్పాడు: నాన్నగారి మాట మీద గౌరవం ఉందండీ, కానీ మాట మీద పిల్లరు జరపలేం కదండీ. తమ్ముడు తలెత్తలేదు. వారం తిరక్కుండానే వాకిట్లో సున్నపు గీతలు పడ్డాయి. ఒక పిల్లరు గుర్తు సరిగ్గా ఆ వంపు నడుమ పడింది. ఆపా తమ్ముడితో మాట్లాడటం మానేశారు. ఆయన వచ్చినప్పుడు టీ మాత్రం పంపించేవారు, పరాయివాడికి పంపినట్టు, మా మెస్సు నుంచి. అది ఇంకా చెడ్డది.

ముందు మూలల్లో గుంతలు తవ్వారు. మర్నాడు నడిమి గుంత అనగా పొద్దుటి నుంచీ వాన. నాకు పంజాగుట్టలో ఒక ఆఫీసుకి భోజనం క్యారియర్లు ఇచ్చే పని. అక్కడ ఫ్లైఓవరు పనులో, ఇంకేవో పనులో, ఎప్పుడూ ట్రాఫిక్కు ఇరుక్కునేది. ఆలస్యమైతే ఆఫీసువాళ్ళు ఫోను మీద ఫోను. వెనక సీటుకి సాంబారు గిన్నె తాళ్ళతో కట్టుకుని బయల్దేరితే, వాకిట్లో జనం గొడుగులేసుకుని ఒకరి వెనక ఒకరు బురదలో ఆ వంపే తిరుగుతున్నారు, పెళ్ళి ఊరేగింపులా. నాకు ఒళ్ళు మండింది. స్కూటరు అడ్డంగా పోనిచ్చాను.

నడుము దాకా దిగబడిపోయాను. సరే, మోకాలి దాకా. ఉన్నమాట చెప్పాలంటే దిగబడింది స్కూటరు వెనక చక్రం, నేను పక్కకి దూకాను. కింద బండ పగిలిన చప్పుడు, మట్టి జారిన చప్పుడు. తాడు తెగి సాంబారు గిన్నె ఆ కన్నంలోకి జారిపోయింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఎక్కడో కింద నీళ్ళలో పడ్డ చప్పుడు. అప్పుడే, ఆ క్షణంలోనే, నాకు మొత్తం తళుక్కుమంది. "బావి" అని పెద్దగా అరిచాను. కోచింగు సెంటర్ల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నేను కనిపెట్టానంటున్నది ఇదే. గునపం నేను పట్టలేదు, పట్టింది కూలీలు. స్కూటరుని పైకి లాగింది ట్యాంకరు డ్రైవరూ మెస్సు పిల్లలూ. కానీ అరిచింది నేను.

వాన తగ్గేసరికి సనత్‌నగర్ నుంచి భాయ్ వచ్చాడు, బిల్డరు గారు వచ్చాడు. పగిలిన బండలు తీసి మట్టి పక్కకి లాగితే గుండ్రంగా బావి ఒర బయటపడింది, నల్లరాతి ఒర. ఆపా గొడుగు కింద మెల్లగా దిగి వచ్చారు. ఒర మీద బురద అరచేత్తో తుడిచారు. ఇంటి వైపు రాతి మీద గోటితో గీసినట్టు సన్నటి గీతలు కొన్ని, అంతే. చుట్టూ తిరిగి బాట వైపు వెళ్ళి అక్కడ తుడిచారు. అక్కడ రాతిలో గాడులున్నాయి. దువ్వెన పళ్ళలా పక్కపక్కనే, నున్నగా, లోతుగా. చేంతాడు ఒరుసుకుని ఒరుసుకుని రాయి కరిగిపోయిన గాడులు.

ఇన్నాళ్ళ తర్వాత తమ్ముడితో మాట్లాడారు. "ఇటు దిక్కు మనం తోడుకున్నది. అటు దిక్కు ఊరు తోడుకున్నది. ఏలు పెట్టి చూడు."

భాయ్ వంగి వేలు పెట్టాడు. ఇంటి వైపు గీతలో వేలు కొస కూడా దిగలేదు. బాట వైపు గాడిలో వేలు కనబడకుండా పోయింది. వేరే ఎవరైనా అయితే రాతి మీద గీతలే కదా అనేవారేమో. ఆయన లేతు మిషన్ల మధ్య బతికిన మనిషి. ఒక వస్తువు ఇంకో వస్తువుని అరగదీయడానికి ఎంత పడుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి వేలు జరుపుకుంటూ బాట వైపంతా తిరిగాడు. "గింత అరగాలంటె..." అన్నాడు. లేచి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "పిల్లర్ జరపున్రి, అన్నా. గీ జాగ నేను ఇయ్యలేను. నాది కాదు" అన్నాడు బిల్డరుతో.

బిల్డరు గారు లెక్కలవాడే గానీ మొండివాడు కాదు. కాసేపు గాడుల వంక, కాసేపు ఆకాశం వంక చూసి, చివరికి నా వంక చూశాడు. "ఎక్కడ పడకూడదో అక్కడే పడ్డారు బాబాయ్ గారూ. ఆ పిల్లరు జరిగితే పోయేది మీ గదే" అన్నాడు. పోయింది కూడా. నా మెస్సుకి వెనక వైపు, మెట్ల కింద చోటు దొరికింది. పోపు వాసన వస్తే తప్ప మెస్సు ఉందని ఎవరికీ తెలిసేది కాదు. కానీ మా ఆవిడ పోపు కదా, పిల్లలు వాసన పట్టుకుని వచ్చేవారు. ఆవిడ మాత్రం ఆ గిన్నె సంగతి ఇప్పటికీ మరచిపోలేదు, పుట్టింటివాళ్ళు ఇచ్చిన గిన్నె అది.

మేడ ఆ చోట లోపలికి నొక్కుకుని లేచింది. తర్వాత ఆపా ఇల్లూ మేడ అయింది, ఆవిడ ఎర్రమంజిల్‌లో కూతురి ఫ్లాటుకి వెళ్ళిపోయారు. బావి మీద ఇనుప జాలీ వేసి వదిలేశారు. భాయ్ పక్కనే ఒక కుళాయి పెట్టించాడు, తాళం లేని కుళాయి. సంచులు తగిలించుకుని ఊళ్ళ నుంచి దిగిన పిల్లలు ఇప్పటికీ ముందు అక్కడే ఆగుతారు. సీసా నింపుకుని, మొహం కడుక్కుని, ఫోను తీసి తమ కోచింగు సెంటరు ఎటో వెతుక్కుంటారు. బండ్లు లేవు గానీ ఆగడం మానలేదు. ఇప్పుడు చుట్టు తిరిగి పోవడానికి అక్కడ జాలీ ఉంది కనుక వంపు ఎవరికీ వింతగా ఉండదు. కారణం కనబడేసరికి ఆ నడకలో మజా పోయిందని నాకు లోపల ఒక చిన్న బాధ.

ఎర్రమంజిల్‌లో ఆపా తలుపు తీసి ముందు సీసా అందుకున్నారు. మూత తీసి వాసన చూసి, పులుపు సరిపోయిందనో లేదనో చెప్పకుండా మూత పెట్టేశారు. తమ్ముడు ప్రతి శుక్రవారం వచ్చి పోతున్నాడని చెప్పారు. నేను మెట్రోలో కుర్రాడికి చెప్పిందంతా మళ్ళీ చెప్పాను, ఏనుగులతో సహా. కిటికీలు తెరుచుకున్న చోట గొంతు కాస్త పెంచాను కూడా. తప్పు జవాబు చెప్పే పిల్లవాణ్ణి పూర్తిగా చెప్పనిచ్చి వినే పంతులమ్మలా విన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏనుగుల సంగతి మీకే ఎరుక, మెస్ సాబ్. గని మీరు బావి అని అరవలే. సాంబార్ అని అరిచిన్రు. నేను వరండాల్నే ఉన్న. ఇంక కనిపెట్టుడు అంటరా, ఆడ బావి ఉన్నదనే గద అందరం చుట్టు తిరిగి పోతుంటిమి. మీరొక్కరే అడ్డం పోయిన్రు, పడ్డరు. బావి ఎన్నడు దాగలే. మీరే జర ఆలస్యంగ వచ్చిన్రు."